నాన్న ఘాట్ రోడ్డు మీద నా కూపే

నెల్లూరు–రాజంపేట బస్సులో నిద్రపోయే పాసింజరు రాపూరు ఘాట్‌లో లేవకూడదు. మా నాన్న తన ఉద్యోగానికి తానే పెట్టుకున్న పరీక్ష అది. 1981 నుంచి 2012 దాకా ఆయన ఆర్టీసీ డ్రైవరు. అందులో ఎక్కువ ఏళ్లు పొదలకూరు, రాపూరు మీదుగా వెలుగొండలెక్కి చిట్వేలు వైపు దిగే సర్వీసులోనే గడిచాయి. మలుపులో బస్సు ఒరిగి, కిటికీకి తల కొట్టుకుని ఎవరైనా కళ్లు తెరిచారంటే ఆ పూట డ్యూటీ సరిగ్గా కాలేదని ఆయన లెక్క.

ఎండాకాలం సెలవుల్లో అప్పుడప్పుడూ నన్ను వెంట తీసుకెళ్లేవారు. ఇంజను బానెట్ మీద దుప్పటి మడిచి వేసి కూర్చోబెడితే, కింద నుంచి వేడి తగులుతున్నా లేచేదాన్ని కాదు. దారి కంటే ఆయన కాళ్లనే ఎక్కువ చూసేదాన్ని. క్లచ్ మీద ఎడమ కాలు ఎప్పుడు పడుతుందో, గేరు రాడ్ మీదికి చెయ్యి ఎప్పుడు వెళ్తుందో ముందే ఊహించి, నా ఊహ సరిపోతే లోపల్లోపల మురిసిపోయేదాన్ని. ఇంట్లో దాన్నెవరూ ఆనందం అనలేదు, డ్యూటీ అన్నారు. కానీ ఘాట్ దిగి బస్సు ఆపి, టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడు నాన్న ముఖంలో ఉండేది అలసట కాదని నాకు అప్పుడే తెలుసు.

2025లో నేను మహీంద్రా బీఈ 6 కొన్నాను. కరెంటుతో నడిచే కూపే, అంటే పైకప్పు వెనక్కి జారిపోయే స్పోర్ట్స్ తరహా కారు. నాకు నలభై నాలుగేళ్లు. నెల్లూరులో ఆడిటర్‌ని, రైసు మిల్లులకూ రొయ్యల హేచరీలకూ లెక్కలు చూస్తాను. ఈ కారు కొన్నప్పటి నుంచి చుట్టాలు, క్లయింట్లు, వీధిలో వాళ్లు అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: ఎందుకు? ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్తూ వచ్చాను. మొత్తం ఒకచోట చెప్పాలని ఇది రాస్తున్నాను.

అందరికంటే గట్టిగా అడిగింది మా పెద్దమ్మ. "ఇరవై లక్షలు పోసి, వెనక కూచుంటే కిటికీ సగమే ఉండే కారు కొన్నావేందమ్మా? ఆ డబ్బుకి ఏడుగురు పట్టేది వచ్చేది గదా, అందరం కలిసి కొండకు పొయ్యేవాళ్లం." ఆవిడ మాటను తేలిగ్గా తీసుకోను. మన ఊళ్లలో కారు ఒక్కరిది కాదు, ఇంటిది. పెళ్లికీ తిరుమలకీ, రాత్రి పూట ఎవరికైనా బాగాలేకపోతే చెన్నై ఆస్పత్రికీ అదే కావాలి. అందుకే కారు కొనేటప్పుడు ఇంట్లో ఎంతమంది ఉన్నారని లెక్కపెడతాం గానీ, నడిపేది ఎవరు అని అడగం.

నా పాత చిన్న కారుకు తొమ్మిదేళ్లు లాగ్ బుక్ రాశాను. వృత్తి వల్ల వచ్చిన అలవాటు. పెద్దమ్మ మాట విన్న రాత్రి ఆ పుస్తకాలు తీసి చూశాను. తొమ్మిదేళ్లలో ఐదుగురం కలిసి ఎక్కింది పదకొండు సార్లు. మిగిలిన రోజులన్నీ నేనొక్కదాన్నే, లేకపోతే నేనూ మా ఆయనా. పదకొండు రోజుల కోసం పెద్ద బండి కొని, మిగిలిన మూడు వేల రోజులు ఖాళీ సీట్లను మోసుకు తిరగడం ఏ లెక్క ప్రకారం చూసినా నాకు సమంజసంగా అనిపించలేదు. ఆ పదకొండు రోజులకు ఇన్నోవా అద్దెకు తీసుకుంటే డ్రైవరుతో సహా వస్తుంది. పెద్దమ్మకు కూడా అదే చెప్పాను. ఇంకా ఒప్పుకోలేదు. తిరుమలకు మాత్రం ఇన్నోవాలోనే వెళ్లొచ్చాం.

రెండో అభ్యంతరం కార్లంటే ఇష్టమున్న కుర్రాళ్ల నుంచి వచ్చింది. ఇది అసలు కూపేనే కాదంటారు వాళ్లు. కూపే అన్నది ఫ్రెంచి మాట, కోసినది అని అర్థం. గుర్రబ్బండ్ల కాలంలో ఎదురెదురు సీట్లుండే పెద్ద బండిలో ముందు సగం కోసేసి, ఇద్దరికి సరిపోయేలా చేసినదాన్ని అలా పిలిచారు. కార్లు వచ్చాక రెండు తలుపులు, వెనక్కి జారిపోయే పైకప్పు ఉన్నదానికి ఆ పేరు నిలిచింది. నా కారుకు నాలుగు తలుపులున్నాయి. వెనక తలుపుల పిడులు కనపడకుండా పక్క స్తంభంలో దాచారు కాబట్టి దూరం నుంచి రెండే అనిపిస్తాయి. నేలకు 207 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అచ్చమైన కూపే, ఉదాహరణకు టయోటా వాళ్ల జీఆర్ 86, 130 దగ్గర ఉంటుంది.

ఆ కుర్రాళ్లను ఒకసారి వానాకాలంలో నెల్లూరు రమ్మంటాను. రైలు పట్టాల కింద అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచిన రోజున, మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డు వైపు దాటమంటాను. స్పీడ్ బ్రేకర్లను ఒక్కో వీధిలో ఒక్కో ఎత్తున, రాత్రికి రాత్రి సిమెంటుతో పోసే ఊరు మాది. ఇక్కడ 130 మిల్లీమీటర్ల కారు కొన్నవాడు దాన్ని షెడ్డులో పెట్టి చూసుకోవాలి. నేను కారును చూసుకోవడానికి కొనలేదు. పేరు సంగతి ఎలా ఉన్నా, కూపే అంటే నాకు కావలసినవి మూడే: మలుపులో నమ్మకంగా నిలబడాలి, వెనక చక్రాలతో నడవాలి, ముందు సీట్లో కూర్చున్న మనిషి కోసం తయారై ఉండాలి. ఇవి మూడూ ఇందులో ఉన్నాయి.

ఆ మాటకొస్తే జీఆర్ 86కు ముందు వచ్చిన టయోటా 86 మీద నాకు చాలా ఏళ్లుగా మనసు. 2012లో వచ్చింది. 200 హార్స్‌పవర్, వెనక చక్రాల నడక, పేరుకు నాలుగు సీట్లు. జపాన్‌లో, అమెరికాలో మామూలు ఉద్యోగస్తుడు కొనుక్కోగలిగిన కారు. మన దేశంలో కంపెనీ దాన్ని అమ్మలేదు. గోవాలో శాన్ మోటార్స్ అని ఒక సంస్థ స్టార్మ్ అనే చిన్న రెండు సీట్ల కారు తయారు చేసింది, అది ఎక్కువమంది దాకా రాలేదు. అంటే నా తరంలో నెల్లూరులో పెరిగిన మనిషికి స్పోర్ట్స్ కారు అనేది గోడ మీద అంటించుకునే బొమ్మ. మన దగ్గర దొరికేవన్నీ కోటి చుట్టూ తిరిగేవి.

మరి ఇప్పుడు ఇరవై లక్షలకు ఎలా వచ్చింది? ఇది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. నాది 59 కిలోవాట్ అవర్, అంటే 59 యూనిట్లు పట్టే బ్యాటరీ ఉన్న మొదటి రకం, నేను కొన్నప్పుడు షోరూం ధర 18.90 లక్షలు. ఇన్సూరెన్సు, చార్జరు కలిపితే ఇరవై దాటింది. దీని మోటారు బలం 231 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే), టార్క్, అంటే తిప్పే బలం, 380 న్యూటన్ మీటర్లు. ఇంత బలాన్ని పెట్రోలు ఇంజను నుంచి రాబట్టాలంటే రెండు లీటర్ల టర్బో పెట్టాలి, దానికి తగిన గేరుబాక్సు పెట్టాలి. దాని మీద పన్ను వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి, పొడవు నాలుగు మీటర్లు దాటినా, పెట్రోలు ఇంజను 1200 సీసీ దాటినా జీఎస్టీ 40 శాతం. అంతకుముందు 28 శాతానికి తోడు సెస్సు ఉండేది. బయటి దేశం నుంచి తెప్పిస్తే పైన కస్టమ్స్ సుంకం. కరెంటు కారుకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ 5 శాతమే. మామూలు ఆదాయమున్న మనిషికి, వెనక చక్రాలతో నడిచే బలమైన కారు అందుబాటులోకి రావడం వెనక పెద్ద కథేమీ లేదు. చాలావరకు ఈ తేడాయే.

పొగ తగ్గించమని ఇచ్చిన రాయితీని సరదాకు వాడుకుంటున్నావు గదా అని ఒక మిత్రుడు అన్నాడు. నేను రోజూ ఆఫీసుకు పోయేది, క్లయింట్ల మిల్లులకు తిరిగేది ఈ కారులోనే. ఆదివారం మాత్రమే తీసే బొమ్మ అయితే అతని మాట నిజమయ్యేది.

నెల ఖర్చు చెప్తే నా సహోద్యోగులే నమ్మలేదు. నెలకు 1,300 కిలోమీటర్లు తిరుగుతాను. నా చేతిలో ఈ కారు యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు ఇస్తోంది, అంటే 200 యూనిట్లు. అవన్నీ ఇంటి మీటరులో పై శ్లాబు ధర 9.75 రూపాయల చొప్పున పడినా 1,950 రూపాయలు. మేడ మీద మూడు కిలోవాట్ల సోలారు పెట్టించాం, కేంద్రం సబ్సిడీ 78,000 వచ్చింది. ఎండ బాగున్న రోజు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తుంది, మన నెల్లూరులో ఎండకు కొదవలేదు. కాబట్టి అసలు ఖర్చు ఇంకా తక్కువే. ఇంతే బలమున్న పెట్రోలు కారు లీటరుకు పన్నెండు ఇచ్చిందనుకుందాం. లీటరు 110 అటూ ఇటూ ఉన్నప్పుడు నెలకు పన్నెండు వేల దగ్గర తేలుతుంది. ఆ కారులో యాక్సిలరేటరు తొక్కిన ప్రతిసారీ నాకు బిల్లు గుర్తొచ్చేది. ఆనందించడానికి భయపడే కారు ఉండి ఏం లాభం?

ఇక శబ్దం. ఇంజను చప్పుడు లేని స్పోర్ట్స్ కారుకు ప్రాణం ఉండదని చాలామంది మనస్ఫూర్తిగా నమ్ముతారు. నేను డీజిల్ ఇంజను పక్కన కూర్చుని పెరిగాను కాబట్టి ఆ బాధ నాకు అర్థమవుతుంది. మొదటి రెండు వారాలు నాకూ వెలితిగానే ఉంది. తర్వాత ఒక సంగతి గమనించాను. శబ్దం లేకపోయేసరికి టైర్ల మాట వినిపించడం మొదలైంది. తారు గరుకుగా ఉందా, ఇసుక పడి ఉందా, మలుపులో టైరు ఎంత పట్టుకుంది, ఇంకా ఎంత పట్టుకోగలదు, ఇవన్నీ చెవికీ అరచేతికీ నేరుగా తెలుస్తున్నాయి. మోటారు వెనక చక్రాలను నెడుతుంది, ముందు చక్రాలకు తిరగడం ఒక్కటే పని. రెండు పనులూ ఒకే జత చక్రాల మీద పడే కారుకూ దీనికీ తేడా స్టీరింగులో తెలిసిపోతుంది. నాన్నకు ఇది చెప్తే, "బస్సు కూడా వెనక చక్రాలే గదమ్మా" అన్నారు. నాకు ఎప్పుడూ తట్టలేదు ఆ మాట.

లోపాలు లేవని చెప్పను. బ్యాటరీ వల్ల బరువెక్కువ, దాన్ని బ్రేకు వేసేటప్పుడు మర్చిపోకూడదు. ఈ ఆకారంలో ఉన్న ఏ కారుకైనా వెనక అద్దం చిన్నదే, రివర్సు కెమెరా మీద ఆధారపడాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు హైవే మీద చార్జింగు. మొన్న నవంబరులో చెన్నై నుంచి వస్తూ నాయుడుపేట దగ్గర ఆగితే ఒక చార్జరు చచ్చిపోయి ఉంది. ఇంకోదాని దగ్గర అప్పటికే రెండు కార్లు వరసలో ఉన్నాయి. నా దగ్గర 22 శాతం మిగిలింది. నెల్లూరు ఇంకా 70 కిలోమీటర్లు. ఏసీ తగ్గించి, గంటకు 70 దాటకుండా, లారీల వెనకే వచ్చాను. వెంకటాచలం టోల్ గేటు కనపడేదాకా టెన్షన్ తగ్గలేదు. కాగితం మీద ఈ బ్యాటరీకి 550 పైచిలుకు కిలోమీటర్లు రాసి ఉంటాయి. నాకు వచ్చేది 380. కొనేవాళ్లు రెండో అంకెనే నమ్ముకోవాలి.

స్పోర్ట్స్ కారు అనగానే వేగం అనుకుంటారు. ఈ విషయంలోనే నాకు లోకంతో అసలైన తగాదా. పదహారో నంబరు జాతీయ రహదారి మీద కారుకు చట్టం ఇచ్చేది గంటకు 100. ఆ వేగంతో ఆరు లక్షల కారు కూడా పోతుంది. తిన్నని రోడ్డు మీద ఏ కారైనా ఒకటే, అక్కడ నడిపేవాడికి పనేమీ లేదు. అక్కడ 150తో పోవడానికి నేర్పు అక్కర్లేదు, ఎదుటి మనిషి ప్రాణం పట్టకపోతే చాలు. రాత్రిళ్లు మినీ బైపాస్ మీద చప్పుడు చేసుకుంటూ పోయే కుర్రాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది, వాళ్ల అమ్మల కోసం.

నేర్పు కావలసిన రోడ్లు వేరే ఉన్నాయి. ఆదివారం తెల్లవారుజామున ఐదుకు ఇంట్లో బయలుదేరి పొదలకూరు వైపు తిరిగితే, నిమ్మతోటల వాసన కిటికీలోంచి వస్తుంది. చెన్నైకి తాగునీరు పంపే కండలేరు జలాశయం దగ్గరికి వచ్చేసరికి తెల్లవారుతుంది. రాపూరు ప్రాంతంలో రోడ్డు పక్క మట్టిలో అభ్రకం పెచ్చులు పొద్దుటి వెలుగుకు తళుక్కుమంటాయి. ఆ తర్వాత అడవి, ఎర్రచందనం కోసం పెట్టిన చెక్‌పోస్టు, ఆపైన ఘాట్. అక్కడ నా వేగం 40 దాటదు. కానీ నా కళ్లు, చేతులు, కాళ్లు మొత్తం పనిలో ఉంటాయి. మలుపుకు ముందే బ్రేకు పూర్తి చేసి, మలుపు మధ్యలో కారును స్థిమితంగా ఉంచి, దారి తెరుచుకున్నాక మెల్లగా బలం ఇవ్వాలి. పెడల్ మీద ఎంత ఒత్తితే అంతే, ఆ క్షణానికే బలం వస్తుంది. టర్బో మేలుకునేదాకా ఆగడం, గేరు కోసం కారు వెతుక్కోవడం ఉండవు. ఒక మలుపు సరిగ్గా కుదిరితే, చిన్నప్పుడు బానెట్ మీద కూర్చుని నా ఊహ సరిపోయినప్పటి సంతోషమే మళ్లీ వస్తుంది. ఇందులో ఎవరినీ దాటేది లేదు, ఎవరికీ చూపించేది లేదు.

అసలు వేగమే లేని ఆనందం కూడా ఉంది. జనవరిలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు పులికాట్ మధ్యగా పోయే రోడ్డు మీద, అద్దాలు దించుకుని గంటకు ముప్పైతో పోయాను. రెండు పక్కలా నీళ్లు, దూరంగా ఫ్లెమింగోల గుంపు. కారు చప్పుడు లేదు కాబట్టి వాటి అరుపులు వినిపించాయి. మా ఆయన అరగంట సేపు ఒక్క మాట మాట్లాడలేదు. సరదా పడే మనిషి కాదాయన. తిరిగొచ్చేటప్పుడు, "ఇంకోసారి పోదామా" అన్నాడు.

ఇంకో మాట చెప్పాలి. బజారులో పార్కింగు దగ్గర, షోరూంలో, చివరికి ఇన్సూరెన్సు వాళ్లు ఫోన్ చేసినప్పుడు కూడా నన్ను అడిగింది, "సార్‌దా మేడమ్?" అనే. పెద్ద బండి అయితే ఇంటి కోసం ఆడమనిషి నడుపుతోందని సర్దుకుంటారు. నడపడం ఇష్టమై, దానికోసమే తన సంపాదనతో కారు కొనుక్కున్న ఆడమనిషిని ఎక్కడ పెట్టాలో వాళ్లకు తెలియదు. బంగారం కొంటే ఎవరూ అడగరు. ఇరవై లక్షల నగలు లాకరులో పడి ఉంటే తెలివైన దాన్నంటారు. ప్రతిరోజూ నాకు పనికొచ్చి, ప్రతిరోజూ సంతోషపెట్టే వస్తువు కొంటే మాత్రం ఎందుకని అడుగుతారు. రేపు అమ్మితే ధర రాదంటారు, నిజమే రాదు. నాన్న అన్నేళ్లు ఘాట్ మీద పడిన సంతోషానికి కూడా అమ్మకపు ధర లేదు. నెల జీతం మీద బతికిన మనిషికి, పైగా తనది కాని బండిలో దొరికిన సంతోషం అది. దాన్ని డబ్బున్నవాళ్ల సరదా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సంక్రాంతి అయిన తర్వాతి ఆదివారం అమ్మనీ నాన్ననీ పెంచలకోనకు తీసుకెళ్లాను. నరసింహస్వామి దర్శనం అయ్యాక, ఘాట్ పైదాకా ఎక్కి వెనక్కి తిరుగుదామన్నాను. నాన్నకు డెబ్బై ఒకటి. లైసెన్సు ఈనాటికీ రెన్యువల్ చేయించుకుంటారు. దారి పొడవునా ఆయన ఏమీ అనలేదు. తెర మీద అంకెలు చూసి ఒక్కటే అడిగారు: "కేఎంపీఎల్ ఎంత?" డిపోలో డ్రైవర్ల నైపుణ్యాన్ని లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చారన్న దానితో కొలిచేవాళ్లు, ఆయనకు ఆ అంకె అంటే పట్టుదల. యూనిట్‌కు ఆరున్నర అన్నాను. తల ఊపారు.

పైకి చేరాక పక్కకు ఆపాను. "బండి బాగుండాది" అన్నారు. కాసేపాగి, "నువ్వే బ్రేకు రెండు సార్లు ఎక్కువ తొక్కినావు" అన్నారు. నిజమే. రెండు చోట్ల ఎదురుగా లారీ వస్తుందేమోనని కంగారుపడ్డాను. తాళం ఆయన చేతికిచ్చాను.

సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు సర్దుకుని, చాలాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టి కూర్చున్నారు. "ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలమ్మా. దీనికి గేర్లే లేవంటివి. ఏ గేరులో దిగేది?" కాలు తీస్తే చాలు, మోటారే బండిని పట్టి ఆపుతుంది, ఆ ఆపిన బలం కరెంటుగా మారి బ్యాటరీలోకి పోతుందని చెప్పి, ఆ పద్ధతిలో పెట్టి ఇచ్చాను. మొదటి మలుపులో కాస్త ముందే కాలు తీశారు, కారు తొందరగా నెమ్మదించింది. రెండోదానికి అర్థమైపోయింది. మూడో మలుపు నుంచి ఆయన కుడి పాదం కొద్ది కొద్దిగా పైకి లేవడం, మళ్లీ దిగడం తప్ప ఏమీ కనపడలేదు. చిన్నప్పటిలాగే నేను దారి చూడటం మానేసి ఆ పాదాన్నే చూస్తూ కూర్చున్నాను. కొండ కింద తెర మీద చార్జింగు పైన ఉన్నదానికంటే ఒక శాతం ఎక్కువ చూపించింది. నాన్న ఆ అంకెను రెండుసార్లు చూశారు.

రాపూరు బస్టాండు దగ్గర కారు ఆగినప్పుడు వెనక సీట్లో అమ్మ కళ్లు తెరిచింది. సర్దుకుని కూర్చుని, బయటికి చూసి, "ఘాట్ ఇంకా రాలేదా?" అంది.

నాన్న దిగి మూడు టీలు చెప్పారు.